హాంబర్గు గుమ్మడికాయలు, ఇద్దరు కృష్ణులు

రాక్ సంగీతంలో ఒక ఆనవాయితీ ఉంది. విడిపోయిన పాత గాయకుడు తిరిగొస్తున్నాడంటే, ఆయన లేనన్నాళ్లూ భారం మోసినవాడు మూటాముల్లె సర్దుకోవలసిందే. 1999లో బ్రూస్ డికిన్సన్ ఐరన్ మెయిడెన్‌లోకి తిరిగొచ్చాడు, బ్లేజ్ బేలీ బయటికి నడిచాడు. 2003లో రాబ్ హాల్‌ఫోర్డ్ జూడాస్ ప్రీస్ట్‌కి తిరిగొచ్చాడు, టిమ్ ఓవెన్స్ దారి టిమ్ ఓవెన్స్ చూసుకున్నాడు. అభిమానులు కేరింతలు కొట్టారు. వెళ్లినవాడి గురించి రెండు మంచిమాటలు చెప్పుకున్నారు. మర్చిపోయారు.

2016 నవంబరులో హాంబర్గు బ్యాండు హెలోవీన్ నుంచి ఒక కబురు వచ్చింది. 1993లో వెళ్లిపోయిన గాయకుడు మైకేల్ కిస్కే తిరిగొస్తున్నాడు. బ్యాండు పెట్టినవాళ్లలో ఒకడై, ఎనభైల చివర్లోనే విడిపోయిన గిటారిస్టు కై హాన్సెన్ కూడా తిరిగొస్తున్నాడు. మరి ఎవరు వెళ్తున్నారు? ఎవరూ వెళ్లడం లేదు! 1994 నుంచి పాడుతున్న ఆండి డెరిస్ ఉంటాడు. గిటారిస్టులు మైకేల్ వైకాత్, సాషా గెర్స్ట్‌నర్ ఉంటారు. బేస్ గిటారు మార్కుస్ గ్రోస్‌కాఫ్, డ్రమ్ములు డాని లోబ్లె. ఉన్న ఐదుగురికి ఇద్దరు కలిసి ఏడుగురు. మూడు గిటార్లు, ఇద్దరు ప్రధాన గాయకులు. హాన్సెన్ కూడా పాడతాడు కాబట్టి నిజానికి ముగ్గురనుకోండి. ఈ యాత్రకి పెట్టిన పేరు పంప్‌కిన్స్ యునైటెడ్. మొదటినుంచీ వాళ్ల గుర్తు గుమ్మడికాయే మరి.

ఈ కబురు వచ్చిననాటికి నాకు హెలోవీన్ అంటే ఏమిటో తెలియదు. నేను హాంబర్గులో దిగింది 2017 శరదృతువులో. తెనాలి దగ్గర పల్లెటూరు మాది. ఇంట్లో ఘంటసాల, వీధిలో ఇళయరాజా, శివరాత్రికీ శ్రీరామనవమికీ పందిట్లో పద్యనాటకం. నా సంగీతమంతా అంతే. హెవీ మెటల్ అంటే పొడుగు జుట్టు, నల్ల చొక్కా, అరుపులు అన్నంతవరకే తెలుసు.

మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉండేవాడు. హాంబర్గు మనిషి, వాన గురించి తప్ప మాట్లాడడు. ఒక శుక్రవారం గుమ్మడికాయ బొమ్మ ఉన్న టీషర్టు వేసుకొచ్చాడు. మాట కలపడానికి ఏదో ఒకటి కావాలి కదా అని, ఆ బొమ్మేమిటని అడిగాను. ఆ మధ్యాహ్నం భోజనానికి వెళ్లినవాళ్లం కాఫీలు చల్లారిపోయేదాకా లేవలేదు. ఆయన అన్ని మాటలు మాట్లాడగలడని మా టీములో ఎవరికీ తెలియదు! సోమవారం నాడు ఒక సీడీ తెచ్చి నా బల్లమీద పెట్టాడు. 'కీపర్ ఆఫ్ ది సెవెన్ కీస్', రెండో భాగం, 1988. "పెద్దగా పెట్టి విను. నచ్చకపోతే మాత్రం నాకు చెప్పకు" అన్నాడు.

విన్నాను. మొదట చిన్న వాద్యగీతం ఒకటి, రాజుగారు సభలోకి వస్తున్నారన్నంత ఆర్భాటంగా. అది అయీ అవకముందే 'ఈగిల్ ఫ్లై ఫ్రీ' విరుచుకుపడింది. రెండు కాళ్లతో రెండు పెద్ద డ్రమ్ములు ఆపకుండా కొడుతున్నాడొకడు. దానిమీద రెండు గిటార్లు ఒకే వరసని రెండు స్థాయిల్లో పట్టుకుని జంటగా పరుగెత్తుతున్నాయి. ఇప్పుడు అరుపులు మొదలవుతాయి అని కాచుకుని కూర్చున్నాను. అరుపు రాలేదు. గొంతు వచ్చింది. నిండుగా, తేటగా, గరగర అన్నదే లేకుండా పైకి వెళ్లింది. ఇంక ఆగుతుందనుకున్నచోట ఇంకో మెట్టు ఎక్కింది. అక్కడ నిలబడి తాపీగా రాగం తీసింది. అబ్బ! మా పందిట్లో పద్యం చివర కృష్ణుడు ఆలాపన అందుకుని వదలకుండా లాగుతుంటే, జనం ఊపిరి బిగబట్టి, ఆఖరికి "వన్స్‌మోర్!" అని అరిచేవాళ్లే, సరిగ్గా ఆ చోటు. హాంబర్గులో ఒక అద్దె గదిలో, ఎవరూ లేనిచోట నేను నిజంగానే "వన్స్‌మోర్" అన్నాను. అని, మళ్లీ మొదటినుంచి పెట్టాను.

ఆ పాడినవాడు కిస్కే. రెండో భాగం వచ్చేనాటికి అతనికి ఇరవై ఏళ్లు. మొదటి భాగం 1987లో వచ్చింది, బ్యాండులోకి చేరేటప్పటికి పద్దెనిమిదే. అంతకుముందు హాంబర్గులోనే చిన్న బ్యాండు ఒకదాంట్లో పాడుకుంటున్న కుర్రాడు. అసలు హెలోవీన్ 1984లో మొదలైనప్పుడు నలుగురే. హాన్సెన్, వైకాత్, గ్రోస్‌కాఫ్, డ్రమ్ముల మీద ఇంగో ష్విష్టెన్‌బర్గ్. పాడే పనీ హాన్సెన్‌దే. 1985లో 'వాల్స్ ఆఫ్ జెరికో' అలాగే వచ్చింది. వేగం, పొగరు, కుర్రతనం అన్నీ ఉన్న రికార్డు. కానీ అంత వేగంగా గిటారు వాయిస్తూ పాడటం హాన్సెన్‌కి తలకు మించిన పనైంది. గాయకుడొకడు కావాలన్నాడు, తన మైకు తానే ఇచ్చేశాడు. సొంత బ్యాండులో సొంత మైకు ఇచ్చేసేవాళ్లు ఎందరుంటారు చెప్పండి! ఆ ఒక్క నిర్ణయం నుంచి పుట్టుకొచ్చిందే ఈనాడు పవర్ మెటల్ అంటున్న సంగీతంలో చాలాభాగం. ఫిన్లాండులో స్ట్రాటోవేరియస్, స్వీడన్‌లో హామర్‌ఫాల్, బ్రెజిల్‌లో ఆంగ్రా, జర్మనీలోనే ఎడ్‌గయ్. ఎవరిని విన్నా ఆ రెండు 'కీపర్' రికార్డుల జాడ తగులుతుంది. నేను వరసలోనే విన్నాను, మూలపురుషులను ముందు విని ఆ తర్వాతే వారసులను. అందుకని వారసులు ఏం చేసినా, ఇది విన్నదే కదా అనిపించే పెద్దరికం ఒకటి నాకు ఉచితంగా దొరికింది.

ఇంత బాగా ఉన్నవాళ్లు ఎందుకు విడిపోయారు? కారణాలన్నీ వినీ వినీ నాకే విసుగొచ్చింది. ఎడతెగని ప్రయాణాలు, డబ్బు లెక్కలు, నాయిస్ అనే రికార్డు కంపెనీతో తగాదా, ఎవరి పాట రికార్డులోకి ఎక్కాలన్న పంతాలు. రెండో 'కీపర్‌'లో 'ఐ వాంట్ అవుట్' అనే పాట హాన్సెన్ రాసిందే. రాసినవాడు రాసినట్టే కొద్దినాళ్లకు బయటికి వెళ్లిపోయాడు, గామా రే అనే సొంత బ్యాండు పెట్టుకున్నాడు. 1991లో ఒకటి, 1993లో ఒకటి, హెలోవీన్ రికార్డులు రెండు వచ్చాయి. వాటిలో వింతవింత ప్రయోగాలున్నాయి, నాకు కొన్ని ఇష్టం కూడా. పాత అభిమానులకు మాత్రం మింగుడుపడలేదు. 1993లో కిస్కేని పంపేశారు. కిస్కేకీ వైకాత్‌కీ మధ్య చెడిన మాట రెండు దశాబ్దాలు అలాగే ఉండిపోయింది.

ఇంగో సంగతి చెప్పకుండా దాటిపోలేను. మిస్టర్ స్మైల్ అనేవాళ్లు అతన్ని, ఎప్పుడూ నవ్వుతూ కనిపించేవాడని. మనసుకు జబ్బు చేసింది, స్కిజోఫ్రీనియా. 1993లో బ్యాండుకి దూరమయ్యాడు. 1995 మార్చి 8న, ముప్ఫై నిండకుండానే, హాంబర్గులో తన ప్రాణం తానే తీసుకున్నాడు. హెలోవీన్ 1996లో తెచ్చిన 'ది టైమ్ ఆఫ్ ది ఓత్' అతనికే అంకితం. అటు హాన్సెన్ కూడా గామా రే 1995 రికార్డు 'ల్యాండ్ ఆఫ్ ది ఫ్రీ'లో ఒక పాట అతనికోసం పెట్టాడు. అదే రికార్డులో ఇంకో పాటకి కిస్కే వచ్చి గొంతిచ్చాడు. ఒకే మనిషి కోసం రెండు బ్యాండులు వేరువేరు రికార్డుల్లో దుఃఖపడ్డాయి. ఈ సంగతి మా పెద్దాయన చెప్పాకే నాకు తెలిసింది. చెప్పి, కాసేపటికి మళ్లీ వాన సంగతిలోకి వెళ్లిపోయాడు.

మరి డెరిస్ ఎవరు? కార్ల్స్‌రూహె మనిషి, పింక్ క్రీమ్ 69 అనే బ్యాండులో పాడేవాడు. 1994లో హెలోవీన్‌లోకి వచ్చాడు. వచ్చీరాగానే 'మాస్టర్ ఆఫ్ ది రింగ్స్‌'తో బ్యాండుకి మళ్లీ ప్రాణం పోశాడు. సొంతంగా రాయగలడు, బరువైన పాటను లోగొంతుతో నడపగలడు, జనాన్ని ఆడించగలడు. గొంతులో చిన్న గరుకు ఉంది, అదే దానికందం. కానీ ప్రతి ఊళ్లో ప్రతి రాత్రి జనం అడిగేవి 'కీపర్' పాటలే. అవి అతని శృతికి కట్టినవి కావు. పద్దెనిమిదేళ్ల కుర్రాడి గొంతు కొలతకు కుట్టిన పాటలు ఇరవై ఏళ్లకు పైగా పాడాడాయన. బాగా పాడితే "కిస్కే అయితేనా..." అనేవాళ్లు. పాడలేకపోతే సరేసరి.

ఇక్కడ మా బాబాయిని పిలవాలి. తెనాలి చుట్టుపక్కల నాటకాలకు హార్మోనియం వాయించి జుట్టు నెరిసినవాడు. ఒకనాడు వీడియో కాల్‌లో ఆయనకి వీళ్ల కచేరీ కొంచెం చూపించాను. కిస్కే పై స్థాయి అందుకునేసరికి ఆయన కళ్లజోడు సవరించుకున్నాడు. "ఎంత శృతిరా అది! పక్కన హార్మోనియం ఉందా?" అన్నాడు. లేదు బాబాయ్, గిటార్లే అన్నాను. డెరిస్ కూడా పాడటం చూశాక అసలు ప్రశ్న వేశాడు. "ఒరే అబ్బాయ్, ఇందులో ఒకటో కృష్ణుడెవరు, రెండో కృష్ణుడెవరు?"

పద్యనాటకం చూసి పెరిగినవాళ్లకు ఇంతకంటే విప్పి చెప్పక్కర్లేదు. చూడనివాళ్ల కోసం చెబుతాను. కాంట్రాక్టు నాటకాల రోజుల్లో 'పాండవోద్యోగ విజయాలు' ఆడితే ఒక్క రాత్రికి ఇద్దరు ముగ్గురు కృష్ణులుండేవాళ్లు. పడకసీనుకి ఒకాయన, రాయబారానికి ఇంకొకాయన. ఎవరి అభిమానులు వాళ్లకి. ఎవరి పద్యానికి ఎన్ని ఈలలు పడ్డాయో, ఎన్ని వన్స్‌మోర్లు పడ్డాయో తెల్లారి టీకొట్టు దగ్గర లెక్క తేలాల్సిందే. ఆ ఇద్దరు కృష్ణులూ ఒకే సీనులో ఎదురుపడటం మాత్రం ఏ నాటకంలోనూ జరగదు. ఒకాయన కిరీటం తీసి మొహం కడుక్కుంటుంటే రెండో ఆయన రంగు పూసుకుంటుంటాడు.

పంప్‌కిన్స్ యునైటెడ్‌లో ఆ ఇద్దరు కృష్ణులూ ఒకేసారి తెర ముందుకొచ్చారు! కచేరీ మొదలే 'హాలోవీన్' అనే పాట, పదమూడు నిమిషాల పాట. మొదటి 'కీపర్‌'లోది, హాన్సెన్ రాసింది, అచ్చంగా కిస్కే గొంతు కోసం పుట్టిన పాట. దాన్ని కిస్కే ఒక్కడికే వదల్లేదు. ఇద్దరూ పంచుకున్నారు. ఒకడు చరణం ఎత్తుకుంటే ఇంకొకడు అందుకోవడం, పై స్థాయి వచ్చేసరికి కలిసి లాగడం. ఆ మొదటి నిమిషాల్లోనే, ఎవరు గొప్ప అన్న పోటీకి వచ్చినవాళ్లకు ఇక్కడ పని లేదని తేలిపోతుంది. తర్వాత కిస్కే పాటలు కిస్కేకి, డెరిస్ పాటలు డెరిస్‌కి. మధ్యలో హాన్సెన్ ముందుకొచ్చి 'వాల్స్ ఆఫ్ జెరికో' కాలపు పాటలు గుదిగుచ్చి తన పాత గొంతుతోనే అందుకుంటాడు. ఆ గొంతు అంత అందమైనదేం కాదు, ఉండక్కర్లేదు కూడా. ఇరవై రెండేళ్ల కుర్రాడు రాసుకున్న పాట వయసు మళ్లాక తానే పాడుతుంటే అందం ఎవరడిగారు?

ఈ కచేరీలో నన్ను పూర్తిగా పడగొట్టింది మాత్రం 'ఫరెవర్ అండ్ వన్'. అది డెరిస్ రాసిన నెమ్మది పాట, ఇంగోకి అంకితమిచ్చిన 1996 రికార్డులోది. అంటే కిస్కే వెళ్లిపోయాక పుట్టిన పాట. కిస్కేకి దానితో ఏ సంబంధమూ లేదు. అయినా డెరిస్ పక్కన కూర్చుని, తన పెద్ద గొంతును బాగా తగ్గించి, తోడు పాడాడు. మీరు లేనప్పుడు మీ ఇంట్లో పుట్టిన పాటను తిరిగొచ్చాక మీరు పాడటం! అన్నాళ్లూ డెరిస్ కిస్కే పాటలు మోశాడు కదా, ఆ రాత్రి కిస్కే డెరిస్ పాట మోశాడు. బాబాయికి ఈ ముక్క చూపించాను. "ఆ రెండో ఆయనది గొంతు గరుకేగానీ, మాట నిలబెట్టి చెబుతున్నాడ్రా. వినిపిస్తోంది" అన్నాడు. అది ఆయన నోట పెద్ద మెప్పు. నేనైతే ఇంకాస్త ముందుకెళ్తాను. ఈ కలయికకు అసలు నాయకుడు డెరిస్. తిరిగొచ్చినవాడికి ఎటూ చప్పట్లుంటాయి. ఇరవై మూడేళ్లుగా తనదైన చోటులో పక్కకి జరిగి, ఇలా వచ్చి నిలబడు అన్నవాడికి మరి? అభిమానులు అతన్ని పక్కన పెట్టి కిస్కేని తెచ్చుకోండని ఏళ్ల తరబడి గొంతు చించుకున్నవాళ్లే. వాళ్ల ముందే ఆ మనిషి నవ్వుతూ నిలబడ్డాడు.

ఇంగో కూడా వచ్చాడు. డాని లోబ్లె డ్రమ్ముల మీద ఉండగా వెనక పెద్ద తెరమీద ఇంగో పాత సోలో వేశారు. తెరమీద ఇంగో కొడతాడు, కింద లోబ్లె జవాబిస్తాడు. మళ్లీ ఇంగో, మళ్లీ లోబ్లె. నివాళి అంటే వెలుగు తగ్గించి మౌనం పాటించడం మనకు తెలిసిన పద్ధతి. వీళ్లు అతనితో పోటీకి దిగారు! చచ్చిపోయిన డ్రమ్మరు బతికున్న డ్రమ్మరుకి చెమటలు పట్టిస్తున్నాడు, వేలమంది ఈలలేస్తున్నారు. ఇంతకంటే గౌరవం ఇంకేం ఇస్తారు?

యాత్ర 2017 అక్టోబరు 19న మెక్సికోలో, మోంటెరేలో మొదలైంది. నేను హాంబర్గు చలికి కోటు ఎక్కడ కొనాలా అని వెతుక్కుంటున్న రోజులవి. మొదట్లోనే కిస్కేకి గొంతు జబ్బు చేసింది. పాపం, అన్నేళ్ల ఎదురుచూపు తర్వాత! కోలుకున్నాడు. దాదాపు మూడు గంటల కచేరీ, పాటకూ పాటకూ మధ్య తెరమీద రెండు గుమ్మడికాయ బొమ్మల వెకిలి వేషాలు. ఆ వేషాలు నాకు పెద్దగా నవ్వు తెప్పించలేదుగానీ, జర్మన్లు విరగబడి నవ్వారు. హాస్యం విషయంలో వాళ్లకీ మనకీ ఇంకా సంధి కుదరలేదు.

నేను కళ్లారా చూసింది 2018 ఆగస్టులో, వాకెన్‌లో. వాకెన్ అనేది హాంబర్గుకి వాయవ్యంగా ఉన్న ఊరు, మహా అయితే రెండువేల జనాభా, చుట్టూ ఆవులు మేసే బీళ్లు. 1990 నుంచి దాదాపు ఏటా వేసవిలో అక్కడ మెటల్ తిరనాళ్లు జరుగుతాయి. ఆ ఏడు టికెట్లు కొనుక్కుని వచ్చినవాళ్లు 75,000 మంది. ఇట్జెహో దాకా రైలు, అక్కడినుంచి బస్సు. బస్సు నిండా నల్లచొక్కాలు. ఊళ్లోకి దిగితే ముసలమ్మలు ఇళ్ల ముందు బల్లలేసుకుని కేకులు, కాఫీ అమ్ముతున్నారు. ఊరి అగ్నిమాపక దళంవాళ్ల బ్యాండు మేళం వచ్చి పాటలు వాయిస్తే, మొహాలకు రంగులు పూసుకున్న భీకరాకారులు చేతులు పట్టుకుని గంతులేస్తున్నారు. బీరు సరఫరా ఆగకూడదని అంతకుముందు ఏడాది, 2017లో, నేలలో గొట్టాలే వేసేశారు. సాగునీటి కాలువ కోసం ధర్నాలు చేసిన ప్రాంతం వాణ్ణి, ఆ గొట్టం సంగతి వినగానే కాసేపు మాట రాలేదు.

ఆ వేసవి జర్మనీ అంతా ఎండిపోయింది. ఎప్పుడూ బురదకు పేరుపడ్డ వాకెన్‌లో ఆ ఏడు దుమ్ము లేచింది. ముక్కుకి చేతిరుమాలు కట్టుకుని నిలబడ్డాను. నా పక్కన ఒక తండ్రి, భుజాలమీద పిల్ల, పిల్ల చెవులకు పెద్ద గులాబిరంగు మూతలు. ఆ పక్కన ఇద్దరు స్పెయిన్ కుర్రాళ్లు. వెనక మా పెద్దాయన, చేతులు కట్టుకుని, ఆఫీసులో మీటింగుకి నిలబడ్డట్టే. ఏడుగురూ వేదికమీదికి వచ్చారు. ఆయన కట్టుకున్న చేతులు విప్పాడు. అంతే, ఆ తర్వాత మళ్లీ కట్టుకోవడం నేను చూడలేదు. అక్కడ నేనొక్కణ్ణే కొత్తవాణ్ణి, మిగతావాళ్లంతా ముప్ఫై ఏళ్ల బాకీ వసూలు చేసుకోవడానికి వచ్చినవాళ్లు. వాళ్లకి ప్రతి పాట వెనకా ఒక పెళ్లి, ఒక సైన్యపు శిక్షణ, ఒక పాత కారు, ఇంకేదో ఉంది. నాకేమీ లేదు. అంతా ఏ జ్ఞాపకమూ అడ్డు రాకుండా నేరుగా వచ్చి తగిలింది. పాత అభిమానులకు దొరకని సుఖం ఇదొకటి. వాళ్లు పోల్చుకుంటూ విన్నారు, నేను నోరు తెరుచుకుని విన్నాను.

'హౌ మెనీ టియర్స్' అని మొదటి రికార్డులో వైకాత్ రాసిన పాటొకటుంది. ముగ్గురు గాయకులూ కలిసి దాన్ని పాడుతుంటే మూడు కాలాలు ఒకదానిపక్కన ఒకటి నిలబడ్డాయి. ఇది హాన్సెన్ గొంతుతో 1985లో వచ్చిన పాట, తర్వాత కిస్కే పాడాడు, ఆ తర్వాత డెరిస్ పాడాడు. ఇప్పుడు ఎవరిదనాలి? ఇక 'ఫ్యూచర్ వరల్డ్' దగ్గరికొచ్చేసరికి పాడింది జనమే. నాకు మాటలు సగమే వచ్చు, మిగతా సగం తెలుగులో ఏదో కూసేశాను. పక్కన స్పెయిన్ కుర్రాడు అదే పాటని తన భాషలో కూస్తున్నాడు కాబట్టి ఇద్దరికీ పేచీ రాలేదు.

తర్వాత తెలిసిన సంగతులు కొన్ని ఉన్నాయి, ఇవి నాకు భలే ఇష్టం. ఈ కలయిక ఒక్కరోజులో జరగలేదు. 2007–08లోనే హెలోవీన్, గామా రే కలిసి ఊళ్లు తిరిగాయి. చివర్లో హాన్సెన్ వచ్చి పాతవాళ్లతో పాటలు పంచుకునేవాడు. ఇటు కిస్కే మెటల్‌కి దూరంగా ఏళ్లు గడిపాడు. ఫుల్డా కుర్రాడు టోబియాస్ సామెట్ అవాంటాసియా అనే మెటల్ ఒపెరా కడితే, 2001లో దానికి గొంతిచ్చాడుగానీ పేరు మాత్రం ఎర్నీ అని వేయించుకున్నాడు. అంత గొంతు దాస్తే దాగుతుందా! మొదటి గమకానికే దొరికిపోతాడు. 2010లో మళ్లీ వేదికెక్కాడు. యూనిసోనిక్ అనే బ్యాండు కట్టాడు, హాన్సెన్ కూడా వచ్చి అందులో చేరాడు. ఆ యూనిసోనిక్‌లో బేస్ వాయించిన డెన్నిస్ వార్డ్, డ్రమ్ములు కొట్టిన కోస్టా జాఫిరియు ఎవరనుకున్నారు? పింక్ క్రీమ్ 69 వాళ్లు, డెరిస్ పాత మిత్రులు! ఎటు తిరిగినా చుట్టరికాలే. జర్మనీ ఇంత చిన్నదా అనిపిస్తుంది.

యాత్ర అయిపోయాక ఎవరి దారిన వాళ్లు పోతారనే అనుకున్నారంతా. డబ్బుల కోసం కలిశారన్న గొణుగుడు ఉండనే ఉంది. డబ్బు వచ్చే ఉంటుంది, అందులో తప్పేముంది? వాళ్లు మాత్రం పోలేదు. మాడ్రిడ్, సావో పాలో, వాకెన్ కచేరీల నుంచి తీసిన 'యునైటెడ్ అలైవ్' 2019లో వచ్చింది. 2021 జూన్ 18న ఏడుగురూ కలిసి చేసిన కొత్త రికార్డు వచ్చింది. దాని పేరు ఉత్త 'హెలోవీన్'. దానికి లోబ్లె వాయించింది ఇంగో డ్రమ్ముల మీదే. రికార్డింగు కొంత హాంబర్గులోనే, అంతా మొదలైన చోటే జరిగింది. చివర్లో హాన్సెన్ రాసిన పన్నెండు నిమిషాల 'స్కైఫాల్' ఉంది, ముగ్గురి గొంతులూ వినిపిస్తాయి. ఆ రికార్డు జర్మనీ పట్టికలో ఒకటో స్థానానికి ఎక్కింది. 'కీపర్' రోజుల్లో కూడా దక్కని స్థానం అది! 2025 ఆగస్టులో 'జెయింట్స్ అండ్ మాన్‌స్టర్స్' వచ్చింది. అప్పటికీ ఏడుగురే.

మొదటిసారి వినబోయేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలని అడుగుతుంటారు. రెండో 'కీపర్‌'లో 'ఈగిల్ ఫ్లై ఫ్రీ' ముందు వినండి. మధ్యలో బేస్, గిటార్లు, డ్రమ్ములు ఎవరి వంతు వాళ్లు వచ్చి విజృంభించే చోట ఇంగోని పట్టుకోండి. తర్వాత 'మాస్టర్ ఆఫ్ ది రింగ్స్‌'లో డెరిస్‌ని విడిగా వినండి, కిస్కేతో పోల్చకుండా. ఆ ఇద్దరూ చెవికి అలవాటయ్యాకే మాడ్రిడ్ కచేరీ పెట్టుకోండి. వరస మార్చారంటే 'ఫరెవర్ అండ్ వన్' దగ్గర మీకు అందవలసింది అందదు. ఇయర్‌ఫోన్లు వద్దు, పెద్ద స్పీకరుండాలి. జర్మనీలో ఉన్నవాళ్లయితే రాత్రి పదిలోపు ముగించండి, ఆదివారం అసలే వద్దు. మా పై అంతస్తు ఆవిడ ఒకసారి తలుపు కొట్టింది, నేను క్షమాపణ మొదలుపెట్టేలోపే "ఇది రెండో 'కీపర్' కదూ?" అని అడిగింది. అందరికీ అలాంటి పొరుగు దొరకదు.